ఆ గొంతు నాకెందుకు వినపడలేదు?

పెళ్లయి పదకొండేళ్లయిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని విషయం ఇదీ.

వాళ్లాయనకు చిన్నప్పటి నుంచి నత్తి. చాలాసార్లు మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఇంటికొచ్చే ఫోన్లు ఈవిడే ఎత్తుతారు. పాప స్కూల్లో టీచర్లతో ఈవిడే మాట్లాడతారు. చుట్టాలొస్తే ఆయన నవ్వి ఊరుకుంటారు, మిగతాదంతా ఈవిడ చూసుకుంటారు. "మా ఇద్దరికీ కలిపి నోరు నాదే" అని రాశారు. ఏడాదిన్నర కిందట ఆయన ఒక వీఆర్ హెడ్‌సెట్ కొనుక్కున్నారు, అంటే కళ్లకు పెట్టుకుంటే కంప్యూటర్ సృష్టించిన లోకం చుట్టూ కనిపించే పరికరం. ఏదో ఆటలే అనుకుని ఈవిడ పట్టించుకోలేదు. ఒక రాత్రి ఒంటిగంట దాటాక మెలకువ వస్తే, పక్కగదిలోంచి ఎవరో మగమనిషి గడగడా మాట్లాడుతున్నాడు. భయపడి లేచి వెళ్లారు. చీకట్లో ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు, కళ్లకు ఆ పరికరంతో. వంగి, నేల మీద లేనిదేదో తీసి, ఎదురుగా లేని మంటలోకి విసిరి, ఇంగ్లీషులో కథ చెబుతున్నారు. తడబాటు లేదు. మధ్యలో ఒకచోట ఆగారు కానీ అది మాట రాక ఆగడం కాదు, వినేవాళ్లను ఊరించడానికి ఆగడం. తర్వాత గట్టిగా నవ్వారు. ఈవిడ గుమ్మంలో అలాగే నిలబడిపోయారట.

మర్నాడు అడిగితే చెప్పారు. అదొక వర్చువల్ ప్రపంచం. దేశదేశాల వాళ్లు ఇరవై, ముప్పై మంది చలిమంట చుట్టూ చేరతారు. అక్కడ కథలు చెప్పేది ఈయనే. రాత్రి పదకొండు నుంచి రెండింటి దాకా, వారంలో ఐదు రోజులు. విషయం తెలిసి ఈవిడ తమ్ముడు "అంటే ఇన్నాళ్లూ ఇంట్లో నటించాడన్నమాట" అన్నాడు. స్నేహితురాలు "అది వ్యసనం, లాగి అవతల పారెయ్" అంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఆఫీసులో ఆయన ప్రమోషన్ ఇంటర్వ్యూ పోయిన సంగతి ఈవిడకు తెలియడానికి రెండు నెలల ముందే ఆ చలిమంట దగ్గరి వాళ్లకు తెలుసని మొన్ననే బయటపడింది. అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. "ఈ వర్చువల్ ప్రపంచం ఆయనకు మంచి చేస్తోందా, చెడు చేస్తోందా? మాన్పించనా, ఊరుకోనా?" అన్నది ప్రశ్న.

నా జవాబు:

మాన్పించనా, ఊరుకోనా అని మీరు అడిగారు. కానీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వస్తోంది: "ఆ గొంతు నాకెందుకు వినపడలేదు?" నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది. అందుకే దాన్నే శీర్షికగా పెట్టాను, ఏమీ అనుకోకండి.

ముందు మీ తమ్ముడి మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మీ మనసులో ముల్లులా దిగిందని తెలుస్తోంది. మీ ఆయన నటించలేదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది పాట పాడేటప్పుడు తడబడరు. నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు తడబడరు. ఒంటరిగా ఉన్నప్పుడు, పసిపిల్లలతోనో పెంపుడు కుక్కతోనో మాట్లాడేటప్పుడు, నాటకంలో ఇంకొకరి వేషం కట్టినప్పుడు మాట సాఫీగా వచ్చేస్తుంది. స్పీచ్ థెరపిస్టులకు ఇది తెలిసిన విషయమే. నత్తి నోటిలోని లోపం కాదు, పిరికితనమూ కాదు. ఎక్కువమందిలో రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు, మాటలు నేర్చే వయసులోనే మొదలవుతుంది. పెద్దయ్యాక దాని మీద ఇంకో పొర పేరుకుంటుంది. "ఈ మాట దగ్గర ఆగిపోతానేమో" అన్న భయం, ఆ భయంతో మాట మార్చడం, మనుషుల్ని తప్పించుకోవడం, ఫోన్ మోగితే పక్కగదిలోకి వెళ్లిపోవడం. చలిమంట దగ్గర ఆ పై పొర లేదు. అక్కడ ఆయన్ను నత్తివాడుగా ఎరిగినవాళ్లు లేరు, ఆయన ముఖం కనపడదు. పైగా కథకుడి వేషం ఉంది, భాష వేరు. ఇంట్లో తడబడిన గొంతూ నిజమే, అక్కడ గడగడా మాట్లాడిన గొంతూ నిజమే. కాబట్టి "అక్కడ బాగానే మాట్లాడతారుగా, ఇక్కడేం రోగం?" అనే మాట మీ నోటి నుంచి గానీ మీ పుట్టింటివాళ్ల నోటి నుంచి గానీ ఎప్పటికీ రాకూడదు. వస్తే ఇంట్లో ఆయనకు మిగిలిన ఆ కాస్త మాటా పోతుంది.

ఆ ప్రపంచాల్లో మనిషి వేసుకునే బొమ్మ రూపాన్ని అవతార్ అంటారు. మన అవతారమే. 1980ల నాటి ఆన్‌లైన్ ఆటలవాళ్లు ఆ మాటను మన దగ్గర్నుంచి పట్టుకెళ్లి, తోక తెంచి మళ్లీ మనకే ఇచ్చారు. అవతారం అంటే దిగిరావడం. దిగినవాళ్లు పని కాగానే అవతారం చాలించాలి కూడా. మీ ఆయన రోజూ రాత్రి రెండింటికి అవతారం చాలించి, చప్పుడు కాకుండా వచ్చి మీ పక్కన పడుకుంటున్నారు. అలా వచ్చేటప్పుడు అక్కడి నుంచి ఏమైనా వెంట తెచ్చుకుంటున్నారా, అన్నీ అక్కడే వదిలి ఖాళీ చేతులతో వస్తున్నారా? మంచో చెడో దాన్ని బట్టే తేలుతుంది, గంటల లెక్కను బట్టి కాదు.

వెంట తెచ్చుకోవడం సాధ్యమే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ 2007లో ఒక ప్రయోగం గురించి రాశారు. వర్చువల్ గదిలో కొందరికి పొడుగు అవతార్లు, కొందరికి పొట్టి అవతార్లు ఇచ్చి, డబ్బు పంచుకునే బేరం ఆడించారు. పొడుగు రూపం దొరికినవాళ్లు గట్టిగా బేరమాడారు. తర్వాత 2009 నాటి పరిశోధనలో, హెడ్‌సెట్ తీసేశాక ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆ గట్టిదనం కనిపించింది. కాకపోతే అది వెంటనే చూసిన ఫలితం. దాన్ని చూసి ఏళ్ల తరబడి నిలిచే మార్పు వస్తుందని నేను మీకు చెప్పలేను. భయాల చికిత్సలో మాత్రం ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. 1995లోనే అమెరికాలో బార్బరా రాత్‌బామ్ బృందం, ఎత్తంటే భయపడే విద్యార్థులను కంప్యూటర్ సృష్టించిన వంతెనలు, బాల్కనీలు, లిఫ్టు మీద కొంచెం కొంచెంగా పైకి తీసుకెళ్లి ఆ భయాన్ని తగ్గించింది. అక్కడ పక్కన చికిత్సకులు ఉన్నారు, ఒక్కో మెట్టూ లెక్క ప్రకారం ఎక్కించారు, చివరికి నిజమైన ఎత్తుకు వెళ్లడమే గమ్యం. మీ ఆయన పక్కన ఎవరూ లేరు. ఆయన సాధన బాగానే చేస్తున్నారు కానీ, ఆ సాధనతో ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకా అనుకోలేదు.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా అనిపించే మాట చెబుతాను. "మా ఇద్దరికీ కలిపి నోరు నాదే" అన్నారు చూశారా, దాన్ని రెండుసార్లు చదివాను. అందులో అలసట ఉంది, కొంచెం గర్వమూ ఉంది. తప్పు పట్టడం లేదు. భర్త నలుగురిలో మాట కోసం పెనుగులాడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరి తరమూ కాదు. చటుక్కున ఆ మాట మనమే అనేస్తాం. అయితే నత్తి ఉన్నవాళ్లను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: తమ వాక్యాన్ని పక్కవాళ్లు పూర్తి చేయడం కంటే, తడబడుతూనే తామే పూర్తి చేయడం నయమని. చలిమంట దగ్గర ఆయన మాటను పూర్తి చేసేవాళ్లెవరూ లేరు. ఆగితే వాళ్లు ఎదురు చూస్తారు. మీకు ఆ గొంతు వినపడకపోవడానికి ప్రేమ లేకపోవడం కారణం కాదు. ఇంట్లో ఆ గొంతుకు ఖాళీ దొరకలేదు, అంతే. ఖాళీ లేకుండా చేసింది మీరొక్కరే కాదు. మీరు మాట్లాడుతుంటే వెనక నిలబడటం ఆయనకూ సుఖంగానే ఉండేది.

ప్రమోషన్ సంగతి వేరు. అక్కడ మీ బాధ న్యాయమైనది, దాన్ని "పోనీలే" అని మింగేయమని నేను చెప్పను. ముఖం తెలియనివాళ్ల దగ్గర మనసు విప్పడం తేలిక. వాళ్లు మనలోని మంచి ముక్కనే చూస్తారు, మనమూ వాళ్లలోని మంచి ముక్కనే చూస్తాం. వాళ్ల ఇంటి అద్దె మనకు తెలియదు, మన చిరాకు వాళ్లకు తెలియదు. వాళ్లు ఓదార్చినంత తీరిగ్గా ఇంట్లోవాళ్లు ఓదార్చలేరు, ఎందుకంటే ప్రమోషన్ పోతే ఇంట్లోవాళ్లకూ నష్టమే. అలా చెప్పుకోవడంలో తప్పు లేదు. మీ దాకా రాకుండా అక్కడే ఆగిపోవడమే తప్పు. వర్చువల్ ప్రపంచాలతో ఇళ్లలో వచ్చే చిక్కుల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. బాధ అక్కడ కాస్త చల్లారిపోతుంది, దాంతో ఇంట్లో చెప్పాల్సిన అవసరం తీరిపోయినట్టు అనిపిస్తుంది.

మీ స్నేహితురాలు వ్యసనం అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది, అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది. దానికి ఇన్ని గంటలు అన్న కొలత లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులూ ఇష్టాలూ అన్నీ దాని వెనక్కి వెళ్లిపోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం, ఇవి జీవితాన్ని గట్టిగా దెబ్బతీసేంతగా, మామూలుగా 12 నెలలైనా కొనసాగాలి. మీ ఆయన చేసేది ఆట కాకపోయినా కొలత పనికొస్తుంది. మీ ఉత్తరంలోనే ఉంది, ఆఫీసు మానలేదు, ఆదివారాలు పాపకు సైకిల్ నేర్పుతున్నారు, నెట్ పోయిన వారం రోజులూ విసుక్కోలేదు. నాకైతే ఇది వ్యసనంలా కనిపించడం లేదు. నిద్ర మాత్రం కచ్చితంగా పాడైంది. ఆఫీసులో రెండుసార్లు కునుకు తీసి మాట పడ్డారన్నారు. రెండింటికి పడుకుని ఆరున్నరకు లేచే మనిషికి కోపమూ మరుపూ రాకపోతే ఆశ్చర్యపోవాలి. నిద్ర తక్కువైతే చాలామందికి నత్తి కూడా ఎక్కువవుతుంది. అంటే అక్కడ రాత్రి సంపాదించుకున్న మాటను పొద్దున ఇక్కడ పోగొట్టుకుంటున్నారేమో కూడా చూడాలి.

ఇక మీ ముందున్న దారులు. పరికరాన్ని లాగి దాచేయవచ్చు. ఆయన గొడవ పెట్టుకునే మనిషి కాదు కాబట్టి ఊరుకుంటారు కూడా. కానీ తడబడకుండా మాట్లాడిన ఒకే ఒక్క చోటు పోతుంది, అది పోగొట్టింది మీరన్నది ఇద్దరికీ గుర్తుంటుంది. లేదంటే ఇంకోచోట, ఇంకో వేళ, మీకు తెలియకుండా మొదలవుతుంది.

అసలేమీ అనకుండా ఊరుకోవచ్చు. అది చూడటానికి పెద్దమనసులా ఉంటుంది. మీ విషయంలో అది పెద్దమనసు కాదు, అలక. ఇప్పటికే మాటలు తగ్గాయన్నారు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఆయన కష్టసుఖాలు చలిమంటకు, మీ కష్టసుఖాలు మీ స్నేహితురాలికి చెప్పుకోవడం అలవాటైపోతుంది. ఇంకొకటి, ఈ ప్రపంచాలు శాశ్వతం కావు. నడిపే కంపెనీ ఒక ప్రకటన చేసి మూసేస్తుంది. పిల్లల క్లబ్ పెంగ్విన్‌ను 2017 మార్చిలో మూసేశారు. హెడ్‌సెట్లతో జనం కలుసుకునే ఆల్ట్‌స్పేస్ వీఆర్‌ను 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ మూసేసింది. ఆయన గొంతంతా ఒకే సర్వర్‌లో ఉంటే, ఆ సర్వర్ ఆగిన రోజు ఏమవుతుందో ఆయనా ఆలోచించి ఉండరు.

మూడోది, వేళల గురించి బేరం. వెళ్లొద్దని కాదు, వేళ మార్చమని. మిగతావాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు కాబట్టి రాత్రి పదకొండు కుదిరింది, అంతేగానీ అది రాతలో రాసిపెట్టి లేదు. వారంలో రెండు రాత్రులు, మర్నాడు సెలవున్నవి, అర్ధరాత్రి దాకా అంటే ఆయన ఒప్పుకోవచ్చు. కథకుడు తనే కాబట్టి వేళ మార్చే చనువూ తనకే ఉంటుంది. బేరం నిద్ర పేరుతో చేయండి. ఆ మనుషుల పేరుతో చేశారా, పంచాయితీ వేరే దారి పడుతుంది.

నాలుగోదే నాకు ఎక్కువ నచ్చింది, కానీ దానికి ధైర్యం కావాలి. ఆ చలిమంట దగ్గరికి మీరూ వెళ్లడం. ఆయన్ను అడిగి, ఆయన రమ్మన్న రోజున, మీ పేరుతో. మారుపేరు పెట్టుకుని దొంగతనంగా వెళ్లి చూద్దామని మూడో పేజీలో రాశారు, ఆ ఆలోచన మానుకోండి. పదకొండేళ్లలో మొదటిసారి భయం లేకుండా మాట్లాడిన చోట తనను ఎవరో కాపు కాశారని తెలిస్తే, ఆ చోటూ పోతుంది, మీ మీద నమ్మకమూ పోతుంది. అడిగి వెళ్లినా ఒక ఇబ్బంది ఉంది. మీరు వింటున్నారని తెలియగానే ఆయన మాట తడబడవచ్చు. అలా జరిగితే అది మీ తప్పూ కాదు, ఆయన తప్పూ కాదు. లేదా ఆయన "వద్దు" అనవచ్చు. ఒకసారి వద్దన్నంత మాత్రాన అక్కడేదో దాస్తున్నారని కాదు. "ఇప్పుడే వద్దు" అనే అర్థం కూడా ఉంటుంది. రెండు మూడు నెలల తర్వాత కూడా ఎందుకో చెప్పకుండా వద్దనే అంటుంటే అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చోవడం అవసరం. (ఆరోగ్య సలహా ఒకటి: మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు కూర్చునే ఉండండి, అక్కడ అటూ ఇటూ తిరగకండి. నేను ఉత్సాహం కొద్దీ తిరిగాను. పది నిమిషాల్లో కడుపులో తిప్పింది. కదులుతున్నావని కళ్లు చెబుతాయి, కదలడం లేదని లోపలి చెవి చెబుతుంది. ఆ రెండింటి తగాదాలో మనం నలిగిపోతాం.)

వెళ్లమని ఎందుకంటున్నానంటే, మ్యాట్స్ స్టీన్ అనే నార్వే కుర్రాడి సంగతి నాకు గుర్తుంది. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బుతో 2014లో 25 ఏళ్లకే చనిపోయాడు. చివరి ఏళ్లలో ఎక్కువ సమయం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో గడిపాడు. పాపం, స్నేహితులెవరూ లేకుండానే వెళ్లిపోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త పెట్టాక, ఆ ఆటలో అతన్ని ఎరిగినవాళ్ల నుంచి ఈమెయిళ్లు రావడం మొదలైంది. తమ కష్టాల్లో అతను ఎలా తోడున్నాడో రాశారు. కొందరు దేశాలు దాటి అంత్యక్రియలకు వచ్చారు. కొడుకు బతికినంత కాలం ఆ తల్లిదండ్రులు ప్రేమగానే చూసుకున్నారు, వాళ్లను అనడానికేం లేదు. కొడుకు స్నేహితుల సంగతి మాత్రం వాళ్లకు ఈమెయిళ్ల ద్వారా తెలిసింది. మీకు ఆయన్నే అడిగే వీలుంది.

ఈ దారుల్లో ఏది ఎంచుకున్నా ఇంట్లో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. పాపకు తొమ్మిదేళ్లు, కథలు వినే వయసు ఇంకా దాటలేదు. రాత్రి పడుకునే ముందు పాపకు కథ చెప్పే పని ఆయనకు అప్పగించి, మీరు వేరే గదిలోకి వెళ్లండి. తడబడతారు. పాప ఏమీ అనుకోదు, పిల్లలకు కథ ముఖ్యం. వచ్చే నెల స్కూలు మీటింగుకు ఇద్దరూ వెళ్లండి, ఆయన చెప్పాల్సిన ఒక్క విషయం ముందే అనుకుని వెళ్లండి, ఒక్కటి చాలు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళదామా అని కూడా అడగండి. చిన్నప్పుడు ఒకసారి వెళ్లి మానేశారన్నారు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటంటే, తను సాఫీగా మాట్లాడగలనని ఇప్పుడు ఆయనకే తెలుసు. ఆ కథల రికార్డింగ్ ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లమనండి, చికిత్సకులకు అది బాగా పనికొస్తుంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. రాత్రి పదకొండింటికి హెడ్‌సెట్ చేతిలో ఉన్నప్పుడు మాత్రం వద్దు. ఇద్దరూ తీరిగ్గా ఉన్న ఒక సాయంత్రం, ప్రమోషన్ ఊసు ముందే తేకుండా, "ఆ రోజు రాత్రి నువ్వు చెబుతున్న కథ సగమే విన్నాను. ఆ తర్వాత ఏమైంది?" అని అడగండి. మీరు ఆయన్ను "మీరు" అని పిలిచేవారైతే అలాగే అడగండి. ఆయన జవాబు మొదటి అక్షరం దగ్గర ఆగిపోవచ్చు. పది సెకన్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ మాట ఏమిటో మీకు ముందే తెలిసిపోయినా మీరు అనకండి.

ప్రమోషన్ సంగతి రెండో సాయంత్రం అడగండి, "నాకు ముందు చెప్పి ఉంటే బాగుండేది, నొచ్చుకున్నాను" అని సూటిగానే. తర్వాత ఏమైందో వీలైతే రాయండి.